తలకిందుల త్రికోణం

పోయిన వారం టైంటేబుల్ గారిని భోజనాల బల్ల కింద వదిలేసి వచ్చాం. వారమంతా ఆయన అక్కడే ఉండిపోయారేమోనని ఎవరూ కంగారుపడనక్కర్లేదు. కథలో గడిచింది అర నిమిషమే. కాకపోతే అరవై రెండేళ్ళ మోకాళ్ళకి అర నిమిషం కూడా తక్కువేం కాదు.

ఆయన అక్కడికెలా చేరారో మరిచిపోయినవాళ్ళకి రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. రైల్వేలో బండ్లకి వేళలు పెట్టే సెక్షన్లో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసిన మనిషి. రిటైరయ్యాక పెట్టడానికి బండ్లు లేక ఇంట్లో టీకీ స్నానానికీ దిండు గలీబులు మార్చడానికీ వేళలు పెట్టడం మొదలెట్టారు. వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, టైంటేబుల్ గారంటే చాలు. భార్య ఆస్పత్రిలో మందులిచ్చే కౌంటరులో పనిచేసింది, అందుకని ఆవిడ కాంపౌండరమ్మ. పోయిన నెలాఖరుకి ఆవిడా రిటైరైంది. మర్నాడు పొద్దున్నే బల్ల మీద గుడ్డ తీసేసి, దాని స్థానంలో ఒక దేశాన్ని పరిచింది. చుట్టాల్లో ఎవరూ చూడనిది, అక్షరాలు కూడబలుక్కుందామన్నా కుదరనిది. పంతొమ్మిది రోజులు, పదకొండు రైళ్ళు, ఒక పెట్టె, ఒక మనిషి.

"ఒక్కదానివేనా?" అని అడిగారాయన.

"ఒక్కదాన్నే" అంది ఆవిడ. దాంతో ఆ సంభాషణ అయిపోయింది.

అది మొదలు పన్నెండు రోజులుగా ఆయన ఎదురుచూస్తున్నారు. తననీ రమ్మంటుందని కాదట. ఏ బండి ఎక్కాలి, ఎక్కడ మారాలి, మారడానికి ఎంత వ్యవధి ఉంచుకోవాలి, ఇవన్నా అడుగుతుందని. ఇంట్లోనే దర్జీని పెట్టుకుని చొక్కా కుట్టించుకోవడానికి ఊళ్ళోకి పోతారా ఎవరైనా? ఆవిడ అడగలేదు. ఎప్పుడో పోస్టులో తెప్పించుకున్న, దిండంత లావున్న ఆ దేశపు రైళ్ళ పుస్తకాన్ని పప్పులో రాళ్ళు ఏరినంత నిదానంగా చదువుకుంటూ, నీలం ఫైల్లో ఏవేవో రాసుకుంటూ పోయింది. చివరికి ఆవిడ కొత్త బూట్లు కొనుక్కోవడానికి బజారుకెళ్ళిన పూట, ఆయన ఆ ఫైలు తెరిచారు. ఒక కాగితం జారి బల్ల కిందికి పోయింది. దాని వెనకే ఆయన పోయారు. వీధి తలుపు చప్పుడైంది. పోయిన వారం అక్కడ ఆగాం.

"ఏం పోయింది?" అంది కాంపౌండరమ్మ, బూట్ల డబ్బా చంకలో పెట్టుకుని.

"బొత్తాం."

"చొక్కాకి అన్నీ ఉన్నాయి."

"అందుకే దొరకలేదు" అన్నారాయన, బయటికి పాక్కుంటూ.

కాగితం అప్పటికే ఆయన చొక్కాలోకి చేరింది. ఆవిడ లోపలికెళ్ళాక దాన్ని మళ్ళీ ఫైల్లో పెట్టేశారు. కానీ దాని మీద చూసింది మాత్రం కళ్ళలోంచి పోలేదు.

చూసిందేమిటంటే, బియ్యపుగింజంత త్రికోణం. పెన్సిలుతో వేసింది.

ఒక బండి ఇంకో బండి కోసం ఆగాల్సిన చోట ఆయన సెక్షన్లో ఈ గుర్తు పెట్టేవారు. అది వచ్చేదాకా ఇది కదలకూడదని అర్థం. రూల్సు పుస్తకాల్లో ఎక్కడా లేదు. టైంటేబుల్ గారు ఉద్యోగంలో చేరిన కొత్తలో తనే కనిపెట్టి, తన కింద పనిచేసిన నలుగురికి నేర్పారు. ఆ నలుగురిలో ఒకాయన కాలం చేశారు. ఒకాయనకి చూపు పోయింది. ఇంకొకతను ఉద్యోగం మానేసి జిరాక్సు షాపు పెట్టుకున్నాడు, పెన్సిలంటేనే నవ్వుతాడు. మిగిలింది జూనియర్.

జూనియర్‌కి యాభై మూడేళ్ళు. ఇవాళ ఆ సెక్షన్‌కి అధికారి, కిటికీ ఉన్న గదిలో కూర్చుంటాడు. అయినా టైంటేబుల్ గారి లెక్కలో అతను జూనియరే. నవ్వితే బుగ్గలు సొట్టపడతాయి. భార్య పోయి రెండేళ్ళయింది. నెలనెలా బీపీ మాత్రల కోసం ఆస్పత్రికి వెళ్ళి కాంపౌండరమ్మ కౌంటరు దగ్గరే నిలబడేవాడు. పక్క కౌంటరు ఖాళీగా ఉన్నా సరే, అని టైంటేబుల్ గారు ఇప్పుడు జ్ఞాపకం చేసుకున్నారు. నిజానికి పక్క కౌంటరు ఎప్పుడూ మూసే ఉండేది. ఆ సంగతి ఆయన జ్ఞాపకానికి అక్కర్లేదు.

పైగా ఆ త్రికోణం తలకిందులుగా ఉంది, ముక్కు కిందికి. సెక్షన్లో ముక్కు పైకే పెట్టాలి. పని నేర్చుకునే రోజుల్లో రెండుసార్లు తలకిందులుగా పెట్టి అందరి ముందూ తిట్లు తిన్న మనిషి ఒక్కడే, జూనియర్.

ఇంతకన్నా ఏం కావాలి? ఆయన కడుపులో ఎవరో బొగ్గులు రాజేసి విసనకర్ర కూడా ఇచ్చి వెళ్ళినట్టయింది.

ఆ మంట ఒక్క జూనియర్ మీద ఆగలేదు. మర్నాడు ఆవిడ వంటింట్లో ఉండగా ఆ లావుపాటి పుస్తకం తిరగేస్తే, ఒక పెద్ద జంక్షన్లో బండి దిగి ఇంకో బండి ఎక్కడానికి మూడు నిమిషాలిచ్చి ఉంది. తన హయాంలో మూడు నిమిషాల్లో గార్డు జెండా మడత కూడా విప్పేవాడు కాదు. ఆ దేశంలో తన లాంటి కుర్చీలో కూర్చుని, చేతులు వణక్కుండా మూడు నిమిషాలని రాయగలిగిన ఆ ముఖం తెలియని ఉద్యోగి మీద ఆయనకి కుళ్ళు పుట్టింది. ఆ దేశపు నదుల మీద, నదుల పక్కన బండ్లు పోయే వంపుల మీద, ఆ వంపుల్ని కిటికీలోంచి చూడబోయే రెండు కళ్ళ మీద కూడా పుట్టింది. కూతురు ఫోన్ చేసినప్పుడు, ఏ బండి ఎక్కాలో కూడా తెలియని మనిషి ఎలా వెళ్తుందని విచారం వెలిబుచ్చారు.

"నాన్నా, అమ్మ వెళ్ళడం నీకు బాధగా ఉందా, నిన్ను అడక్కుండా వెళ్ళడం బాధగా ఉందా?" అంది కూతురు.

లైను సరిగ్గా వినపడటం లేదని చెప్పి ఆయన పెట్టేశారు.

అదే రోజు ఆయనకి ఒక నిధి దొరికింది. ఆవిడ ప్రయాణంలో ఆరో రోజు ఆదివారం. కొండల మధ్య చిన్న జంక్షన్లో పొద్దున్న తొమ్మిదింబావుకి దిగి, పదిన్నరకి బండి మారాలి. పుస్తకంలో ఆ పదిన్నర బండి పక్కన రెండు చిన్న సుత్తులు అడ్డంగా వేసి ఉన్నాయి. వెనక పేజీల్లో గుర్తుల పట్టిక చూశారు. భాష రాకపోయినా వారాల వరసా టిక్కు మార్కులూ ఎక్కడైనా ఒకటే. సుత్తులంటే పనిరోజుల్లో మాత్రమే. ఆదివారం ఆ బండి లేదు. ఆ తర్వాత అటు పోయే బండి సోమవారం పొద్దున్నే.

అంటే ఆవిడ పెట్టె పట్టుకుని, మాట తెలియని చోట, ఖాళీ ప్లాట్‌ఫాం మీద నిలబడిపోతుంది.

భార్య మీద ప్రేమున్న మనిషి ఏం చేయాలి? వంటింట్లోకి వెళ్ళి చెప్పాలి. టైంటేబుల్ గారికి భార్య మీద ప్రేమ ఉంది. కానీ ఆయన పుస్తకం మూసి, చేతులు కడుక్కుని, పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి భోజనంలో రెండోసారి వడ్డించుకున్నారు. అడగనీ, చెబుతాను. ఆ జూనియర్‌నే అడగనీ, చూద్దాం. ఒకరోజు గడిచింది, రెండోరోజూ గడిచింది. నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నవాడిలా ఆ రెండు సుత్తుల్నీ బుగ్గన పెట్టుకుని తిరిగారు.

మూడోరోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని పాత ఆఫీసుకి వెళ్ళారు.

జూనియర్ లేచి నిలబడ్డాడు, కుర్చీ జరిపాడు, టీ చెప్పాడు. తగువుకి వచ్చినవాడికి ఎదుటివాడి మర్యాద ఎంత చిరాకో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. టైంటేబుల్ గారు టీ సగం తాగి, సెక్షన్ గుర్తులు బయటివాళ్ళకి చెప్పడం క్రమశిక్షణారాహిత్యం కాదా అని అడిగారు. ఏ గుర్తులన్నాడు జూనియర్. త్రికోణమన్నారు ఈయన. జూనియర్ చాలాసేపు గుర్తు తెచ్చుకోవాల్సి వచ్చింది. అదొక అవమానం.

"సార్, అది ఎవరు వాడుతున్నారిప్పుడు? అంతా కంప్యూటరే. ఆగాల్సిన చోట ఎర్రగా వెలుగుతుంది. ఆ త్రికోణం మీతోనే రిటైరైపోయింది."

"నువ్వు తలకిందులుగా పెట్టేవాడివి."

"రెండుసార్లు పెట్టాను సార్. మీకెదురుగా కూర్చుని నేర్చుకున్నాను కదా, నాకు అలాగే కనపడేది. మీరు తిట్టాక కుర్చీ మార్చుకున్నాను." ఇక్కడ జూనియర్ బుగ్గలు సొట్టపడ్డాయి. "ఇంతకీ ఎవరు పెట్టారు సార్ ఇప్పుడు?"

కోర్టులో అడ్డంగా దొరికిన సాక్షిలా టైంటేబుల్ గారు తడబడి, భార్య ఎక్కడికో వెళ్తోందనీ, ఆ కాగితాల్లో చూశాననీ చెప్పేశారు. జూనియర్‌కి ఆ సంగతి అప్పుడే తెలిసిందని అతని మొహమే చెప్పింది. ఏ దేశం, ఎన్ని రోజులు, నిజంగా ఒక్కరేనా అని కుర్చీ అంచుకొచ్చి అడిగాడు. పదకొండు రైళ్ళని విని, మేడమ్ గారి ధైర్యమే ధైర్యమని నిట్టూర్చాడు. ముప్ఫై ఏళ్ళుగా బండ్లు నడిపిస్తున్నామే కానీ మనలో ఒక్కడూ ఎక్కలేదు కదా సార్ అని కూడా అన్నాడు. ఆ 'మన'లో తనని కలిపేసుకున్నందుకు టైంటేబుల్ గారికి ఒళ్ళు మండింది. మిగతా సగం టీ వదిలేసి వచ్చేశారు.

దారి పొడుగునా ఒకటే ప్రశ్న. జూనియర్ కాకపోతే ఎవరు? జిరాక్సు షాపు ముందు కాసేపు నిలబడ్డారు కూడా. లోపల ఆ పాత శిష్యుడు బొజ్జ మీద చేతులు కట్టుకుని కునికిపాట్లు పడుతున్నాడు. అసూయపడటానికి కూడా ఒక అర్హత ఉండాలనిపించి, ఇంటి దారి పట్టారు.

కాంపౌండరమ్మ బల్ల దగ్గరే ఉంది. కొత్త బూట్లు కాళ్ళకి అలవాటవుతాయని ఇంట్లోనే వేసుకుని, గీతల నోటుబుక్కులో ఆ దేశపు స్టేషన్ల పేర్లు ఒక్కో అక్షరం చూసి దించుకుంటోంది, ఒకటో తరగతి పిల్లలా నాలుక కొస బయటపెట్టి. టైంటేబుల్ గారు చెప్పులైనా విప్పకుండా వచ్చి, నీలం ఫైలు ఆవిడ కళ్ళ ముందే తెరిచి, త్రికోణం మీద వేలు పెట్టారు.

"ఇది ఎవరు పెట్టారు?"

"నేనే."

"ఇది మా సెక్షన్ గుర్తు."

"తెలుసు."

"ఎవరు నేర్పారు నీకు?"

ఆవిడ పెన్ను మూత పెట్టింది. చీటీ లేకుండా మందులడగడానికి వచ్చినవాళ్ళని చూసే చూపొకటి ఉండేది ఆవిడకి. ఆ చూపు చూసింది.

"ఇలా వచ్చి నా కుర్చీలో కూర్చోండి" అంది.

ఆ ఇంట్లో ఇరవై తొమ్మిదేళ్ళుగా ఎవరి కుర్చీ వాళ్ళది. ఆయనది కిటికీ వైపు, వెలుతురుకి. ఆవిడది ఎదురుగా, వంటింటి వైపు. ఆయన మొదటిసారి బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి ఆవిడ కుర్చీలో కూర్చున్నారు. ఆవిడ బీరువా మీద నుంచి దుమ్ము పట్టిన చుట్ట ఒకటి దించింది. రిటైరైనప్పుడు సెక్షన్ వాళ్ళు జ్ఞాపకంగా ఇచ్చిన ఆయన చార్టు, ఆరడుగులది. దాన్ని బల్ల మీద, ఎప్పుడూ ఆయన పరుచుకునే పద్ధతిలోనే, కిటికీ వైపు నుంచి విప్పింది.

అడ్డంగా గంటలు, నిలువునా స్టేషన్లు, వాటి మధ్య ఏటవాలుగా వందల గీతలు. ఒక్కో గీతా ఒక్కో బండి. అన్నీ తలకిందులుగా ఉన్నాయి. గీతలు కలిసే చోట్ల ఆయన చేత్తో ఆయన పెట్టిన త్రికోణాలు, అన్నీ ముక్కు కిందికి.

"ఏడాదికి రెండుసార్లు, పన్నెండేళ్ళు" అంది ఆవిడ, కిటికీ వైపు నిలబడే. "ఆఫీసులో బల్ల చాలదని ఇంటికి తెచ్చేవారు. స్కేలు ఆ చివర మీరు, ఈ చివర నేను. కదలకు, కదలకు అనేవారు. పొయ్యి మీద పాలు పొంగినా కదల్లేదు."

ఆయనకి స్కేలు గుర్తుంది. ఆరడుగుల టేకు స్కేలు. పన్నెండేళ్ళలో అది ఒక్కసారీ జరగలేదని, అందుకే తన గీతలంత శుభ్రమైనవి ఇంకెవరూ గీయలేకపోయారని అందరితో చెప్పేవారు. అది ఎందుకు జరగలేదో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు.

"ఈ బండి ఎక్కడికి పోతుందండీ అని ఒకసారి అడిగాను. మాట్లాడితే స్కేలు కదులుతుందన్నారు. సరే, అడగడం ఎందుకని చదువుకోవడం మొదలెట్టాను. తలకిందులుగా చదివి నేర్చుకున్నదానికి, ఆ దేశపు అక్షరాలు ఒక లెక్కా?"

టైంటేబుల్ గారికి ఇక్కడ సంతోషం కలగాల్సింది. జూనియర్ లేడు, జిరాక్సు షాపతను లేడు. ఆవిడకి నేర్పిన మగవాడు తనొక్కడే. కానీ మనిషి కడుపు వింతది. ఇన్ని రోజులూ వాళ్ళ మీద రగిలిన మంట ఆరకుండా తిన్నగా ఎదుట నిలబడ్డ మనిషి మీదికి తిరిగింది. తను కుర్చీ అరగదీసి నేర్చుకున్న విద్య, ఒక చేత్తో స్కేలు పట్టుకుని, ఒక చెవిని పాల మీద పెట్టి నేర్చేసుకుందన్నమాట. బుగ్గన దాచుకున్న బెల్లంముక్క గుర్తొచ్చింది.

"అంత చదువుకున్నదానివి, ఆరోరోజు బండి ఆదివారం పూట లేదని చూసుకోలేదేం?"

"రెండు సుత్తులు" అంది ఆవిడ. "చూసుకున్నాను."

"మరి?"

"లేదని తెలిసే ఆదివారం పెట్టాను. ఆ రోజుకి అక్కడే ఉంటాను. పదిన్నర బండి సోమవారానిది."

ఆవిడ లావుపాటి పుస్తకం తెరిచి ఆ పేజీ ఆయన ముందుకి తోసింది. సుత్తుల పక్కన నల్లగా ఒక చుక్క ఉంది. తప్పు కనపడిన చోట పక్కన పెన్సిలు చుక్క పెట్టడం సెక్షన్లో పద్ధతి. ఇరవై ఎనిమిదేళ్ళు పెట్టిన వేళ్ళు ఆయన్ని అడక్కుండానే ఇక్కడా పెట్టేశాయి.

"మంగళవారం పెట్టారు ఈ చుక్క. ఇవాళ శుక్రవారం" అంది ఆవిడ. గొంతు ఏమాత్రం పెంచలేదు. "నేను చూసుకోలేదనే అనుకున్నారు కదా. మాట తెలియని చోట దిగి నిలబడిపోతాననే అనుకున్నారు. మూడు రోజులు ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నాం. ఒక్క మాట చెప్పలేదేం?"

"చెబుదామనే..."

"ఎప్పుడు?"

ఇన్ని వందల బండ్లకి 'ఎప్పుడు' చెప్పిన మనిషి, ఆ ఒక్క 'ఎప్పుడు' దగ్గర చార్టు అంచు చుట్టుకుపోకుండా వేలితో నొక్కుతూ కూర్చున్నారు. నువ్వు అడుగుతావని ఎదురుచూశానని నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని బయటికి వదలడానికి ఆవిడ మొహం వీలివ్వలేదు. కోపం ఉంటే ఎలాగో సర్దుకునేవారు. అక్కడ కోపం లేదు, ఒక పని పూర్తిచేసి గుడ్డతో బల్ల తుడిచేసినంత ప్రశాంతంగా ఉంది.

వీధి గుమ్మంలో గంట మోగింది. పక్కింటి పెద్దావిడ. రిటైరైనా వీధికి కాంపౌండరమ్మ కాంపౌండరమ్మే, మాత్రలు మారితే ఇక్కడికే తెస్తారు. కాంపౌండరమ్మ కొత్త బూట్లతో టకటకా నడుచుకుంటూ వెళ్ళింది. ఈ తెల్లది పొద్దున, ఈ గులాబీ రంగుది తిన్నాక, రెండూ కలిపి వేసుకోకండి అని అవతల నుంచి వినిపిస్తోంది.

టైంటేబుల్ గారు ఆవిడ కుర్చీలో అలాగే ఉండిపోయారు. అటువైపు నుంచి చూస్తే బల్ల కొత్తగా ఉంది. ఇన్నాళ్ళూ దొంగచూపులతో తిరగేసిన ఫైలు ఇప్పుడు తిన్నగా, చదువుకోమన్నట్టు ఎదురుగా ఉంది. అట్ట లోపలి జేబులోంచి ఒక ఉత్తరం అంచు పైకి కనిపించింది. ఆయన కావాలని తీయలేదు. ఇలాంటివి ఎవరూ కావాలని తీయరు.

ఆరో రోజు జంక్షన్లో ఉన్న ఒకే ఒక్క చిన్న హోటలు నుంచి వచ్చింది. ఆదివారం పూటకి గది ఖాయమని ఇంగ్లీషులో రాశారు. కింద రెండు గడులు. బస చేసేది ఇద్దరు. మొదటి గడిలో ఆవిడ పేరు. రెండోది ఖాళీ. ఖాళీలో పెన్సిలుతో తలకిందుల త్రికోణం, దాని పక్కన 11.40.

అది వచ్చేదాకా ఇది కదలకూడదు.

ఆయన చేతులు తొందర తొందరగా లావుపాటి పుస్తకం తిప్పాయి. ఆ స్టేషనుకి ఆదివారం పదకొండూ నలభైకి ఒకే ఒక్క బండి వస్తుంది. దానికి సుత్తుల్లేవు. రేవు పట్నం నుంచి, ఆవిడ వచ్చే వైపు కాక ఎదురు వైపు నుంచి వచ్చే బండి. తొమ్మిదింబావుకి ఈవిడ దిగి, ఎవరి కోసమో కూర్చుంటుంది.

ఒక్క క్షణం, ఆ ఖాళీ గడి తన కోసమే ఉంచిందేమోనని ఆయన గుండె పాతికేళ్ళ కుర్రాడిలా గంతేసింది. ఆవిడకి ఆ గుర్తు నేర్పిన మగవాడు తను కాక ఇంకెవరు? మరుక్షణం గుర్తొచ్చింది. ఆయనకి పాస్‌పోర్టు లేదు. నాలుగు నెలల కింద ఆవిడ తన ఫారం నింపుకుంటూ, మీకూ ఒకటి తేనా అని అడిగింది. నాకెందుకు, నేనెక్కడికి పోతాను అన్నారు తను, పేపర్లోంచి తలెత్తకుండా. అడగలేదు, అడగలేదని పన్నెండు రోజులు కుమిలిపోయారే, ఆవిడ అడిగింది. అడిగిన రోజు తను వినలేదు.

ఉత్తరం మీద తేదీ చూశారు. ఆ మాట అన్న తర్వాత రెండు నెలలకి రాసింది. కాబట్టి ఆ గడి ఆయనది కాదు.

మరి పదకొండూ నలభై బండిలో ఎవరు దిగుతున్నారు?

గుమ్మం దగ్గర పెద్దావిడ వెళ్ళొస్తానంటోంది. టైంటేబుల్ గారు ఉత్తరం మడవబోయి, మళ్ళీ ఒకసారి చూసి, అలాగే ఆగిపోయారు. ఎప్పుడు తీసుకున్నారో, చేతిలో పెన్సిలుంది. ఖాళీ గడిలో, త్రికోణం పక్కన, చిన్నగా, నల్లగా, ఇప్పుడే పెట్టిన చుక్క.

రబ్బరు బల్లకి అటువైపు ఉంది, కిటికీ దగ్గర, ఆయన కుర్చీ ముందు. కొత్త బూట్ల టకటకలు అప్పుడే గడప దాటాయి. ఈ వారానికి ఇక్కడ ఆగుదాం.